మెదడులో వార్తల రాకపోకలు: వానిని కొలుచు విధము

మానవశరీరమునందలి అవయవములలో మెదడు మిక్కిలి ముఖ్యమైనదని మన పాఠశాలలోని చిన్నతరగతుల బాలబాలికలు సహితము ఎఱుగుదురు. చూచుటకు ఒక భాగమును, వినుటకు వేఱొక భాగమును, కాలుసేతులను కదల్చుటకు మఱియొక భాగమును అందు గలవని శరీరశాస్త్ర పాఠములలో చదివియుందురు. అయితే ఆ భాగములు వేనికవి ఒంటరిగా పనిచేయునవి కావు. గంట మ్రోగగానే చెవి విన్నదానిని చేయి ఎఱిగి పుస్తకమును మూయుచున్నది. నల్లబల్లపై కన్ను చూచినదానిని వ్రేళ్లు పలకపై వ్రాయుచున్నవి. అనగా మెదడులోని యొక భాగమునుండి మఱియొక భాగమునకు వార్తలు ఎడతెగక పోవుచున్నవి. ఈ వార్తలు ఎచటనుండి ఎచటికి పోవుచున్నవో, ఎంతమాత్రము పోవుచున్నవో కొలుచుట యెట్లు? పుఱ్ఱెలో మూయబడియున్న ఈ యవయవమునందు "ఇది చెప్పినది, అది వినినది" అని నిశ్చయించుటకు ఆధారమేమి? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానములను, ఆ సమాధానములలో మనము మోసపోగల చోట్లను ఈ వ్యాసమున వివరింప దలచితిని.

ఇది వట్టి కుతూహలము తీర్చుకొను విషయము గాదు. మూర్ఛరోగికి శస్త్రచికిత్స చేయబూనిన వైద్యుడు ఆ మూర్ఛ ఎచట పుట్టి ఎచటికి ప్రాకుచున్నదో సరిగా తెలిసికొననియెడల, నిర్దోషమైన భాగమును కోసివేయు ప్రమాదము కలదు. తలకు దెబ్బ తగిలి, కనులు తెఱచియు పలుకక పడియున్న బిడ్డనుగూర్చి "వీనికి లోపల తెలివి యున్నదా?" అని తల్లి యడిగినప్పుడు, ఆమెకు చెప్పదగిన మాట కొంతవఱకు ఈ కొలతల మీదనే ఆధారపడియున్నది.

నాడులు – వాని వేగము

పెరిగిన మనుష్యుని మెదడు సుమారు 1,400 గ్రాములు తూగును. అందు దాదాపు 8,600 కోట్ల నాడీకణములు గలవని నేటి లెక్క. ఒక్కొక్క కణమునుండి సన్నని పోగొకటి బయలుదేరి ఇతర కణములను సమీపించును. కొన్ని పోగులు ఆవగింజంత దూరమైనను పోవు. వెన్నుపాములోనికి దిగు కొన్ని పోగులు మూరెడు దూరము పోవును. ఈ కణములు వేనికవి విడివిడిగా నున్నవని స్పెయిను దేశీయుడగు సాంతియాగో రామోన్ ఇ కహాల్ చూపెను. కణములకు రంగువేసి కంటికి కనబడజేయు విధమును కనుగొనినవాడు ఇటలీ దేశీయుడగు కామిల్లో గోల్జీ. ఆయన మాత్రము కణములన్నియు ఒకే వలగా అల్లుకొనియున్నవని నమ్మెను. అభిప్రాయములు వేఱైనను ఇరువురును 1906 లో నోబెలు బహుమానమును కలిసి పొందిరి. కహాల్ చెప్పినదే నిజమని పిమ్మట తేలినది. వార్త పోగువెంట విద్యుత్తురూపమున నడచి, కొనయందు చాలచోట్ల రసాయనద్రవ్యముల మూలమున తరువాతి కణమును తట్టును.

ఈ నడకకు కాలమెంత పట్టును? పూర్వము ఆ వేగమును కొలుచుట మానవులకు సాధ్యము కాదని పండితులు తలచుచుండిరి. జర్మనీలో ప్రసిద్ధికెక్కిన యోహానెస్ మ్యూలరు సహితము ఇట్లే అభిప్రాయపడెను. ఆయన శిష్యుడగు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జు 1850 లో ఆ పనిని చేసి చూపెను. ఆయన కప్పకాలి కండను, దానికంటియున్న నాడితోగూడ తీసి, నాడిని ఒకసారి కండకు దగ్గఱగాను, మఱియొకసారి దూరముగాను విద్యుత్తుతో తాకించెను. దూరముగా తాకించినప్పుడు కండ ముడుచుకొనుట కొంచెము ఆలస్యమయ్యెను. రెండు తావుల నడిమి దూరమును ఆ ఆలస్యముచే భాగింపగా వేగము తేలెను. అది సెకనుకు సుమారు 25 మొదలు 40 మీటర్లు మాత్రమే. మనుష్యుని నాడులలో కొవ్వుపొర కప్పిన లావుపోగులు సెకనుకు 100 మీటర్ల వఱకును, పొరలేని సన్ననిపోగులు సుమారు 1 మీటరును వార్తను గొనిపోవును.

విద్యార్థులారా, దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. ముప్పదిమంది వరుసగా కనులు మూసికొని నిలువుడు. ఒక్కొక్కరు ముందువాని భుజముపై చేయివేసి, తన భుజము నొక్కబడగానే ముందువాని భుజమును నొక్కవలెను. మొదటివానినుండి కడపటివానికి ఎంతసేపు పట్టినదో గడియారముతో చూడుడు. పిమ్మట నేలపై వరుసగా కూర్చుండి, భుజమునకు మాఱు చీలమండను పట్టుకొని అట్లే చేయుడు. చీలమండనుండి మెదడునకు దూరము భుజమునుండి యున్న దూరముకంటె సుమారు ఒక మీటరు ఎక్కువ. నాడీవేగము సెకనుకు 50 మీటర్లనుకొన్నచో ఒక్కొక్కరికి సెకనులో ఏబదవవంతు, ముప్పదిమందికి 0.6 సెకను ఎక్కువ పట్టవలెను. ఒక్కసారి చేసిన నమ్మకము చాలదు. పదిసార్లు చేసి సగటు తీయుడు. వార్తకు కాలము పట్టునను ఈ చిన్న సత్యమే ముందు చెప్పబోవు కొలతలన్నిటికి పునాది.

వార్త యనగా నేమి?

దేనినైనను కొలువవలెనన్న మానమొకటి కావలయును గదా! బియ్యమునకు శేరు, గుడ్డకు గజము ఉన్నట్లు వార్తకు మానమును ఏర్పఱచినవాడు అమెరికా దేశీయుడగు క్లాడ్ షానన్. ఆయన బెల్ టెలిఫోను పరిశోధనాలయమున పనిచేయుచు 1948 లో ఈ విషయమును ప్రకటించెను. సందేహమును తగ్గించునదే వార్త యని ఆయన భావము. "రేపు సూర్యుడు తూర్పున ఉదయించును" అని ఎవరైనను జాబు వ్రాసినచో అందు అక్షరములు గలవు గాని వార్త లేదు. మనకు అది ముందే తెలియును. నాణెము నెగురవేసి "బొమ్మ పడినది" అని చెప్పినచో, సమానమైన రెండు సందేహములలో ఒకటి తీఱినది. ఇంతమాత్రపు వార్తను ఒక బిట్టు అందురు. సమానమైన నాలుగింటిలో ఒకదానిని తెలిపినచో రెండు బిట్లు, ఎనిమిదింటిలో ఒకదానిని తెలిపినచో మూడు బిట్లు.

మూడు వేర్వేఱు ప్రశ్నలు

మెదడులోని రెండు భాగములను గూర్చి అడుగవలసిన ప్రశ్నలు మూడు గలవు. వీనిని కలిపివేయుటవలననే అనేకులు పొరబడుచున్నారు.

మొదటిది: ఈ రెంటి నడుమ దారి యున్నదా? ఇది నిర్మాణమునకు సంబంధించిన ప్రశ్న. పోగులు ఎచటనుండి ఎచటికి పోవుచున్నవో చూచి దీనికి జవాబు చెప్పవచ్చును. కాని దారి యున్నంతమాత్రమున ఇప్పుడు దానిపై బండి పోవుచున్నదని చెప్పలేము.

రెండవది: ఈ రెండును కలిసి హెచ్చుతగ్గులగుచున్నవా? 1995 లో భారత్ బిశ్వాల్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన తోడివారు అమెరికాలో ఒక పరీక్ష చేసిరి. మనుష్యులను ఏపనియు చేయక ఊరక పరుండుడని చెప్పి, ఎం. ఆర్. ఐ. యంత్రముతో వారి మెదడులలోని రక్తసంబంధమైన మార్పులను కనిపెట్టిరి. చేతులను కదల్చు భాగములు మెదడునకు కుడియెడమల రెండున్నవి. చేతులు కదలకున్నను ఆ రెండు భాగములును మెల్లమెల్లగా ఒకటే తీరున హెచ్చుచు తగ్గుచు నుండెను. విశ్రాంతిలో సహితము మెదడు భాగములకు పొందిక యున్నదని దీనివలన తెలిసెను.

అయినను పొందిక యున్నదనుట వేఱు, ఒకటి రెండవదానికి వార్త పంపినదనుట వేఱు. ఊరికి తూర్పున ఒక బావియు, పడమట ఒక బావియు ఉన్నవనుకొందము. వానకాలమున రెంటిలోను నీరు హెచ్చును, వేసవిలో రెంటిలోను తగ్గును. అంతమాత్రమున తూర్పుబావి పడమటిబావికి నీరిచ్చినదందుమా? రెంటిపైనను ఒకేవాన కురిసినది, అంతియే.

కావున మూడవ ప్రశ్న మిగిలినది: ఏది ఏదానికి చెప్పుచున్నది? ఇదియే అన్నిటికంటె కష్టమైనది.

గోదావరి నేర్పు పాఠము

దీనిని మన గోదావరీనదిని చూచి సులువుగా గ్రహింపవచ్చును. వరద వచ్చినప్పుడు భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులు చేరగానే మొదటి హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని ప్రకటింతురు. 2022 జూలైలో అచట నీరు 71 అడుగులు దాటెను. భద్రాచలమున హెచ్చిన నీరు దవళేశ్వరము ఆనకట్టను చేరుటకు అనేక గంటలు పట్టును. ఇప్పుడు దవళేశ్వరమునందలి యుద్యోగి రేపటి మట్టమును ఊహింపవలసియున్నదనుకొందము. తన కొలతబద్దపై నిన్నటి, నేటి అంకెలను మాత్రమే చూచి ఒక యూహ చేయును. తరువాత భద్రాచలమునుండి వచ్చిన నిన్నటి అంకెలను గూడ చేర్చి రెండవ యూహ చేయును. రెండవ యూహలో తప్పు తగ్గినయెడల, భద్రాచలపు అంకెలలో దవళేశ్వరమునకు సంబంధించిన వార్త కలదన్నమాట. దిక్కును మార్చి చూతము. దవళేశ్వరపు నిన్నటి అంకెలు భద్రాచలపు రేపటి మట్టమును ఊహించుటకు తోడ్పడునా? తోడ్పడవు, నీరు ఎగువకు పోదు గదా! ఇట్లు నదిని కంటితో చూడకున్నను, రెండు పుస్తకములలో వ్రాసిన అంకెలనుబట్టియే ప్రవాహము ఏ దిక్కునకో చెప్పవచ్చును.

ఈ యాలోచనను మొట్టమొదట 1956 లో అమెరికా గణితజ్ఞుడు నార్బర్టు వీనరు సూచించెను. 1969 లో ఆంగ్లేయుడగు క్లైవ్ గ్రేంజరు దానిని లెక్కకు తెచ్చెను. గ్రేంజరు అర్థశాస్త్రజ్ఞుడు; ధరలు మొదలగువాని హెచ్చుతగ్గులను గూర్చి యోచించి దీనిని కల్పించెను గాని మెదడును గూర్చి కాదు. ఆయనకు 2003 లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానము వచ్చెను. పిమ్మట నాడీశాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని గైకొని, రెండు కొలతబద్దలకు బదులు మెదడులోని రెండు తావులందు అమర్చిన సన్నని విద్యుత్తీగల అంకెలకు దీనిని ప్రయోగించిరి. మన దేశీయులకును ఇందు పాలు గలదు. బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థలోని గణితాచార్యుడు గోవిందన్ రంగరాజన్, ముకేష్ ధమాల, మింగ్‌జౌ డింగ్ అనువారితో కలిసి 2008 లో ఒక క్రొత్త మార్గమును ప్రకటించెను. ముందుగా సమీకరణమును ఊహించుకొనక, మెదడు అలల లెక్కనుండియే ఈ ప్రభావమును రాబట్టుట ఆ మార్గము.

రెండు దీపముల ఆట

పై పద్ధతి సాధారణముగా సరళరేఖల సంబంధములకు తగినది. అన్నివిధముల సంబంధములకును తగునట్లు, షానను చెప్పిన బిట్లలోనే ప్రవాహమును కొలుచు విధమును 2000 సంవత్సరమున థామస్ ష్రైబరు కనుగొనెను. దానిని ఒక యాటగా చెప్పెదను.

ఇద్దఱు బాలురు చెఱియొక దీపమును పట్టుకొందురు. మొదటివాడు ప్రతి నిమిషమునకు నాణెమెగురవేసి, బొమ్మ పడినచో దీపము చూపును, బొరుసు పడినచో మూయును. రెండవవాడు, మొదటివాడు కడచిన నిమిషమున చేసినదానినే ఇప్పుడు చేయును. చూపుటకు 1, మూయుటకు 0 అని వ్రాసినచో ఇట్లుండవచ్చును:

మొదటి దీపము: 1, 1, 0, 0, 0, 1, 0, 1
రెండవ దీపము: 1, 1, 1, 0, 0, 0, 1, 0

ఒకే నిమిషమునందలి అంకెలను క్రిందుమీదుగా పోల్చుడు. ఎనిమిదింటిలో నాలుగు సరిపోయినవి, నాలుగు సరిపోలేదు. కాకతాళీయముగా సరిపోవునది అంతియే. కావున కలిసి వెలుగుచున్నవా యని మాత్రమే చూచువాడు "వీనికి సంబంధమే లేదు" అనును. అది శుద్ధతప్పు. రెండవ దీపపు వెనుకటి అంకెలను మాత్రమే ఎఱిగినవానికి దాని తరువాతి అంకెను గూర్చి పూర్తిగా ఒక బిట్టు సందేహముండును. మొదటి దీపపు కడచిన అంకెను గూడ ఎఱిగినవానికి సందేహమే లేదు. కావున మొదటిదానినుండి రెండవదానికి నిమిషమునకు ఒక బిట్టు వార్త ప్రవహించుచున్నది. వెనుకకు ప్రవహించునది సున్న. ఏలయన నాణెము రెండవ దీపమును చూచి పడుటలేదు.

రెండవ బాలుడు అజాగ్రత్తగా నుండి నాలుగింట మూడుసార్లు మాత్రమే సరిగా చేసినచో ఏమగును? ప్రవాహము ముప్పాతిక బిట్టు కాదు. లెక్క వేసినచో సుమారు 0.19 బిట్టు మాత్రమే తేలును. కొంచెపు పొరపాటే వార్తలో చాలభాగమును మ్రింగివేయుచున్నది. దూరమునుండి మాటలు చెప్పించుకొనువారు ఈ సంగతి ఎఱుగుదురు.

ఒక నిజమైన పరీక్ష

ఇట్టి కొలతవలన తెలిసిన విషయమునకు ఒక దృష్టాంతము చెప్పెదను. చేతితో ఒక మీటను నొక్కి కదలక పట్టుకొనునట్లు కోతులకు నేర్పి, మెదడులో అమర్చిన తీగలతో అలలను వ్రాసియుంచిరి. ఆ అంకెలను ఆండ్రియా బ్రోవెల్లి, మింగ్‌జౌ డింగ్, స్టీవెన్ బ్రెస్లర్ మొదలగువారు పరిశీలించి 2004 లో ఫలితములను ప్రకటించిరి. మీటను పట్టియుండునప్పుడు, సెకనుకు 14 మొదలు 30 సార్లు ఊగు అలలు పలుభాగములలో పొందికగా నుండెను. పొందికను మాత్రము చూచినచో ఎవరు ఎవరికి చెప్పుచున్నారో తెలియదు. చేతిని పట్టియుంచుట చేష్ట గనుక, కదలికలను నడపు భాగమే పెత్తనము చేయుచుండునని మనము తలచెదము. కాని గ్రేంజరు పద్ధతిచే లెక్కింపగా, స్పర్శను ఎఱుగు భాగమునుండి కదలికల భాగమునకు బలమైన ప్రభావము పోవుచున్నట్లు తేలెను. చేయి స్థిరముగా నుండవలెనన్నచో చేతికి ఏమి తగులుచున్నదో ఆ వార్త ఎడతెగక రావలయును గదా! నిండుకడవను మోయు స్త్రీ చేయి కదలకున్నను, అది ఊరకుండుటలేదు. క్షణక్షణము బరువును ఎఱుగుచున్నది. తెలిసిన పిమ్మట ఇది సహజముగానే తోచును గాని, కొలువకముందు ఎవరును నిశ్చయముగా చెప్పజాలరు.

మోసపోవు చోట్లు

ఒక ముసలమ్మ తన కోడి కూయుటచేతనే ఊరికి తెల్లవాఱుచున్నదనియు, తన కుంపటి యుండుటచేతనే ఊరివారికి నిప్పు దొరకుచున్నదనియు తలచి, ఊరిపై అలిగి, కోడిని కుంపటిని తీసికొని అడవికి పోయిన కథ మీరందఱు వినియేయుందురు. కోడికూత తెల్లవాఱుటకు ముందు వచ్చును. తెల్లవాఱుటను ముందుగా తెలుపును. కాని తెల్లవాఱుటకు కారణము గాదు. పై పద్ధతులన్నియు ముందువెనుకలను, ఊహకు తోడ్పాటును కొలుచునవే. కావున ముసలమ్మ పడిన పొరబాటులో శాస్త్రజ్ఞుడును పడవచ్చును. అట్టి చోట్లు ముఖ్యముగా నాలుగు గలవు.

మొదటిది కనబడని మూడవది. భద్రాచలమునకు దిగువను కూనవరమువద్ద శబరీనది గోదావరిలో కలియుచున్నది. శబరికి వరద వచ్చినచో భద్రాచలమున మార్పు లేకున్నను దవళేశ్వరమున నీరు హెచ్చును. శబరిని లెక్కలోనికి తీసికొననివాడు మోసపోవును. మెదడులో కొన్నిచోట్ల మాత్రమే తీగలుంచుట సాధ్యము గనుక శబరులు అనేకములు మిగిలిపోవుచున్నవి.

రెండవది పుఱ్ఱె. జర్మనీలోని యేనా పట్టణమున హాన్స్ బెర్గరు అను వైద్యుడు 1924 లో మనుష్యుని మెదడులోని విద్యుత్తరంగములను తలపైనుండియే మొదట పట్టి, 1929 లో ప్రకటించెను. నేడు ఆసుపత్రులలో ఈ. ఈ. జి. యనునది అదియే. అయితే లోపల ఒకచోట పుట్టిన విద్యుత్తు తలపై అనేకచోట్ల ఒక్కసారే కనబడును. వీధిలో మ్రోగిన డప్పు రెండిండ్లలో వినబడినంతమాత్రమున ఆ రెండిండ్లవారు మాటలాడుకొనుచున్నారనరాదు.

మూడవది రక్తము. ఎం. ఆర్. ఐ. యంత్రము చాలవఱకు నాడుల పనిని నేరుగా చూడక, పనివలన రక్తములో కలుగు మార్పును చూచును. ఈ విధమునకు ఆధారమగు విషయమును 1990 లో సెయిజీ ఒగావా మొదలగువారు కనుగొనిరి. నాడుల పని సెకనులో వేయవవంతుల లెక్కన జరుగగా, రక్తపు మార్పు ఉచ్చస్థితికి వచ్చుటకు సుమారు 5 సెకనులు పట్టును. ఆ యాలస్యము అన్నిచోట్ల ఒకే తీరున ఉండదు. రక్తము ముందుగా మారినచోటే వార్తను ముందుగా పంపినదనుట, ఉత్తరములు చేరిన వరుసనుబట్టి వ్రాసిన వరుసను నిర్ణయించుట వంటిది. ఈ చిక్కును తీర్చుటకు లండనులోని కార్ల్ ఫ్రిస్టన్ మొదలగువారు 2003 లో వేఱొక పద్ధతిని తెచ్చిరి. దానిలో నాడుల పనికొక సమీకరణమును, రక్తపు మార్పునకొక సమీకరణమును వ్రాసి, ఏ యూహ అంకెలకు బాగుగ సరిపోవునో పరీక్షింతురు. అచటను మనము ఊహించిన సంబంధములలోనుండియే యెన్నుకొందుము గాని, ఊహింపనిదానిని అది చూపజాలదు.

నాలుగవది వట్టి కాకతాళీయము. దీనిని కనిపెట్టుటకు మంచి యుపాయమొకటి కలదు. మొదటి దీపపు అంకెలను ముక్కలుగా కోసి కలగాపులగము చేసి మరల లెక్కింపవలెను. నిజమైన ప్రవాహమున్నచో కలిపినపిమ్మట అది పోవలెను. కలిపినను అంతే తేలినయెడల, మొదట తేలినదియు నమ్మదగినది కాదు.

తట్టి చూచుట

ఊరక చూచుటకంటె తట్టి చూచుట మేలు. కుండ కొనువాడు దానిని వ్రేలితో తట్టి వినుచున్నాడు గదా! రెండు బావులకు లోపల సంబంధమున్నదో లేదో తెలియవలెనన్నచో ఒకదానిలోని నీరు తోడి రెండవదానిని చూడవలెను. మెదడును ఇట్లు బాధలేకుండ తట్టుటకు 1985 లో ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున ఆంథొని బార్కరు మొదలగువారు ఒక సాధనమును చేసిరి. తలపై తీగచుట్టనుంచి, దానిలో క్షణకాలము బలమైన విద్యుత్తును నడిపినచో అయస్కాంతశక్తి పుట్టి, పుఱ్ఱెను దాటి, లోపలి నాడులను కదల్చును.

2005 లో మార్చెల్లో మస్సిమీని, జూలియో తొనోని మొదలగువారు ఈ సాధనమును ఈ. ఈ. జి. తో కలిపి, మేల్కొనియున్నవారిని, స్వప్నములేని గాఢనిద్రలో నున్నవారిని పరీక్షించిరి. మేల్కొనియున్నప్పుడు ఒకచోట తట్టగా ఆ కదలిక దూరభాగములకు వరుసగా ప్రాకెను. గాఢనిద్రలో తట్టినచోటనే లేచి అచటనే అణగిపోయెను. దారులు ఉన్నవి, పోగులు తెగలేదు, కాని వార్త పోవుటలేదు. దారి యుండుట వేఱు, రాకపోక యుండుట వేఱని పైన చెప్పినదానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము కానరాదు.

ఈ పరీక్షనుబట్టి 2013 లో వారు ఒక సూచికను నిర్మించిరి. తట్టినపిమ్మట లేచిన అలలు ఎంత విస్తృతముగను, ఎంత వైవిధ్యముతోను ఉన్నవో దానిని సున్నకును ఒకటికిని నడుమనున్న అంకెగా తెలుపుదురు. గాఢనిద్రలోను, మత్తుమందు ఇచ్చినప్పుడును అది తక్కువగా నుండును. తెలివియున్నవారిలో ఎక్కువగా నుండును. 2016 లో ప్రకటింపబడిన పరిశోధనలో 0.31 అను అంకె ఈ రెంటికి సరిహద్దుగా తేలినది. పిలిచినను పలుకక, ఏ సంజ్ఞయు చేయక పడియున్న రోగులను పరీక్షింపగా కొందఱియందు ఆ సరిహద్దుకంటె ఎక్కువ అంకె కనబడెను. బయటికి ఏ సూచనయు లేకున్నను లోపల వార్తలు నడచుచున్నవన్నమాట. ఈ యొక్క అంకెచేతనే తెలివి యున్నది, లేదని తీర్పు చెప్పరాదు. అయినను "ఇందు ఎవరును లేరు" అని తొందరపడి విడిచిపెట్టుట తగదని అది వైద్యుని హెచ్చరించుచున్నది.

మూర్ఛరోగుల విషయమునను ఇట్లే. మందులకు లొంగని మూర్ఛ గలవారిలో కొందఱికి శస్త్రచికిత్సకు పూర్వము మెదడులో సన్ననితీగలనుంచి, మూర్ఛ వచ్చువేళ ఏచోట అల మొదలైనదో కనిపెట్టుదురు. పెద్దయలలు లేచినచోటు మూర్ఛకు పుట్టుకచోటు కాకపోవచ్చును; అది వేఱొకచోటినుండి వచ్చిన వార్తను గట్టిగా చాటునది మాత్రమే కావచ్చును. అనుభవజ్ఞుడైన వైద్యుని కంటికి ఈ లెక్కలు తోడుగా నిలుచుచున్నవి.

ముగింపు

విద్యార్థులారా, ఈ పాఠమున మీరు జ్ఞాపకముంచుకొనవలసినది ఒక్కటి. కలిసియుండుట, ముందువచ్చుట, కారణమగుట అను మూడును మూడు వేర్వేఱు సంగతులు. మొదటిదానిని చూచి మూడవదానిని నిశ్చయించువాడు బావులను చూచి మోసపోయినవాడు. రెండవదానిని చూచి మూడవదానిని నిశ్చయించువాడు కోడిని చంకబెట్టుకొని అడవికి పోయినవాడు. మెదడును కొలుచు పండితులు గడచిన నూఱేండ్లలో ఎన్నో సాధనములను చేసిరి; కాని వారి ముఖ్యమైన సాధనము "ఇది మఱియొక విధముగా నుండరాదా?" అని తమ్ముతాము అడుగుకొనుటయే. ఒక రోగి తలపై కత్తి పెట్టవలెనా వలదా యనునది ఆ ప్రశ్నమీద ఆధారపడియున్నప్పుడు, దానిని అడుగుట పాండిత్యము మాత్రమే గాదు, ధర్మము.

అభ్యాసములు

1. నలువదిమంది వరుసలో నిలిచి భుజము నొక్కినప్పటికంటె, కూర్చుండి చీలమండ నొక్కినప్పుడు 1 సెకను ఎక్కువ పట్టెను. దూరములో భేదము ఒక మీటరైనచో నాడీవేగమెంత?

2. రెండవ బాలుడు రెండు నిమిషములకు వెనుకటి అంకెను చూపినచో, ఒక నిమిషపు వెనుకటి అంకెను మాత్రమే చూచువాడు ప్రవాహమెంత యనును? అతడు చేసిన పొరపాటేమి?

3. మన యూరిలో కలిసి హెచ్చుతగ్గులగు రెండు విషయములను కనుగొని, వానికి "వాన" వంటి మూడవ కారణమేదో, "తట్టి చూచుట" యెట్లో వ్రాయుము.